నేత పదకోశం నుంచి యాప్ నిర్మాణం దాకా: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత తెలుగు విద్యార్థులకు ప్రాజెక్టు ఆధారిత అభ్యసనం

వ్యాససంగ్రహం: ఒకే మూలసంకేతంతో ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటిలోనూ పనిచేసే యాప్‌ను నిర్మించడం కంప్యూటర్ శాస్త్ర విద్యార్థుల విద్యగా చెలామణి అవుతోంది. భాషాసాహిత్య విద్యార్థి ఈ విద్యను ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. ఎమ్మిగనూరు నేత పదజాలాన్ని చిన్న పదకోశ యాప్‌గా మలిచే పనిని ఉదాహరణగా తీసుకొని, అందులో ఎదురయ్యే చిక్కులు చాలావరకు నిఘంటు రచనకూ లిపికీ ఛందస్సుకూ సంబంధించినవేనని ఇక్కడ వివరించడం జరిగింది.

కీలకపదాలు: నేత పదజాలం, మాండలిక పదకోశం, బహువేదికా యాప్, యూనికోడ్, అకారాదిక్రమం, ప్రాజెక్టు ఆధారిత అభ్యసనం.

1. ఉపోద్ఘాతం

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను కూలదోసింది. 'జ్ఞ'కూ దానిపై దీర్ఘానికీ నడుమ కంటికి కనిపించని విభజన సంకేతం ఒకటి చేరిన వరుస అది. ఆ వరుస సందేశంగా వచ్చిందంటే దాన్ని చూపబోయిన యాప్ మూతపడేది. యాపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6తో లోపాన్ని సవరించింది. అప్పట్లో దీన్ని వేడుకగా చెప్పుకున్నవారే ఎక్కువ. కానీ మనకు 'జ్ఞా' ఒక అక్షరం, యంత్రానికి అది కొన్ని సంకేతాల గొలుసు. ఈ రెండు చూపుల మధ్య ఉన్న దూరం తెలిసినవారు యాప్‌లు నిర్మించేచోట ఎందరున్నారన్న ప్రశ్న మాత్రం వేడుక కాదు.

డిగ్రీ తెలుగు తరగతిలో యాప్ ప్రస్తావన తెస్తే విద్యార్థుల నుంచి తరచూ వచ్చే మాట, "అది కంప్యూటర్ వాళ్లది కద సార్" అని. నేను కూడా అలాగే అనుకున్నవాణ్ణే. చేయవలసిన పనుల జాబితాను తయారుచేసే పాఠాన్ని వీడియోలు చూస్తూ రెండు నెలలు అనుకరించాను. వీడియో ఆపితే ఒక్క వరుస కూడా సొంతంగా రాయలేకపోయాను. ఆ జాబితా నాకు అవసరం లేనిది. అది పనిచేసినా, చేయకపోయినా నాకు పట్టింపు లేదు. పట్టింపు ఉన్న పని చేతికి వచ్చాకే చదువు మొదలైంది.

2. ఒకే మూలం, రెండు వేదికలు

ఆండ్రాయిడ్‌కు ఒక భాషలో, ఐఫోన్‌కు మరొక భాషలో ఒకే యాప్‌ను రెండుసార్లు రాయడం చిన్న బృందాలకు భారం. ఒకసారి రాసి రెండుచోట్లా నడపాలన్న ప్రయత్నాల్లో 2009 నాటి ఫోన్‌గ్యాప్ తొలితరంది. అది వెబ్ పుటనే యాప్ తొడుగులో చూపేది. 2015లో ఫేస్‌బుక్ విడుదల చేసిన రియాక్ట్ నేటివ్, జావాస్క్రిప్ట్‌లో రాసినదాన్ని ఆయా ఫోన్ల సొంత మీటలు, పెట్టెలుగా మారుస్తుంది. 2018 డిసెంబరులో తొలి స్థిర రూపం పొందిన గూగుల్ వారి ఫ్లట్టర్ దారి వేరు. డార్ట్ భాషలో రాసిన యాప్‌లోని ప్రతి మీటనూ, ప్రతి అక్షరాన్నీ తెరపై తానే గీస్తుంది. అందువల్ల రెండు రకాల ఫోన్లలోనూ రూపం దాదాపు ఒకటిగా ఉంటుంది. తెలుగు అక్షరం ఎక్కడైనా చెదిరితే దాన్ని వెతకవలసిన చోట్లు కూడా తగ్గుతాయి. నేను ఫ్లట్టర్‌ను ఎంచుకోవడానికి ఇదొక కారణం. మరొక కారణం మరీ సాధారణమైనది: సంకేతంలో ఒక మాట మార్చి భద్రపరిస్తే క్షణంలో ఆ మార్పు ఫోన్‌లో కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకు మించిన గురువు లేదు.

3. నేత పదజాలమే ఎందుకు?

ఆదోని పత్తి మార్కెట్టుకు, ఎమ్మిగనూరు మగ్గానికి పేరు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం ఈ ప్రాంత చరిత్రలో ముఖ్యమైనది. ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలో భాగం. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఇక్కడి అంగళ్లలో ఒకే బేరంలో వినిపిస్తాయి. పంట కోతల కాలాన్ని చెప్పే 'సుగ్గి' అన్న మాట కన్నడంలోనూ ఉంది. ఇక్కడ 'సుగ్గికి పోవడం' అంటే కూలి కోసం కుటుంబాలు ఊరు విడిచి వలసపోవడం.

వృత్తిపదాల సేకరణకు తెలుగులో గట్టి పునాది ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సారథ్యంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లోనూ, చేనేత పదాల సంపుటం 1971లోనూ వెలువడ్డాయి. ఆనాటి పద్ధతి ఈనాటికీ పాఠమే. అయితే ఆ సంపుటాల్లోని ఆరోపాలను యాప్‌లోకి ఎత్తిరాయడం మన పని కాకూడదు. విద్యార్థి తన ఇంట్లో, తన వీధిలో విన్న మాటను తానే నమోదు చేయాలి. పడుగు, పేక, నాడె, కండె, ఆసు, అచ్చు వంటి మాటలను మగ్గం ఉన్న ఇంటి పిల్లలు కొందరు ఇంకా వాడుతున్నారు, కొందరు విని అర్థం చేసుకోగలరు, మరికొందరికి అవీ తెలియవు. ఈ మూడో వర్గం పెరగడం తరగతిగదిలోనే కనిపిస్తున్నది.

రాష్ట్రంలో 2020–21 డిగ్రీ పాఠ్యప్రణాళిక సమాజ సేవా ప్రాజెక్టుకు చోటిచ్చింది. సర్వేపత్రాలు నింపి సంతకం చేయించుకోవడంతో ముగిసే ప్రాజెక్టుల కంటే, ఒక వీధిలోని వంద మాటలను అర్థంతో, ఉచ్చారణతో నమోదు చేసే ప్రాజెక్టు ఎక్కువ విలువైనదని నా అభిప్రాయం.

4. 'అచ్చు' నేర్పిన పాఠం

పదకోశ యాప్‌లో మొదటి మెట్టు సమాచారాన్ని అమర్చుకోవడం. మూడు నాలుగు వందల మాటలకు పెద్ద సమాచారనిధి అక్కరలేదు. జేసన్ దస్త్రం ఒకటి యాప్‌లోనే ఉంచితే ఇంటర్నెట్ లేని ఊళ్లో కూడా పనిచేస్తుంది. నేను తొలిసారి ప్రతి ఆరోపానికీ ఆ మాటనే గుర్తుగా పెట్టాను. పడుగు పోగులను సమాన దూరంలో నిలిపే సాధనంగా 'అచ్చు' చేరింది. తరువాత బట్టపై బొమ్మను ముద్రించే 'అచ్చు'ను చేర్చాను. యాప్ తెరిచి చూస్తే మొదటిది లేదు. రెండో అర్థం దాన్ని మింగేసింది. వ్యాకరణంలోని 'అచ్చు'ను కూడా చేర్చి ఉంటే రెండోదానికీ అదే గతి పట్టేది.

నానార్థాలకు, భిన్నపదాలకు తేడా చెప్పే పాఠం నేను ఏళ్లుగా బోధిస్తున్నదే. రూపం ఒకటైనా పదాలు వేరైతే నిఘంటువులో వేరు ఆరోపాలుగా ఇవ్వాలని విద్యార్థులకు చెప్పి, యాప్‌లో మాత్రం రూపాన్నే గుర్తుగా పెట్టాను. ప్రతి ఆరోపానికీ మాటతో సంబంధం లేని ఒక సంఖ్యను ఇస్తే చిక్కు తీరింది. సమాచారనిధి పాఠ్యగ్రంథాల్లో 'ప్రాథమిక కీ' అనే పేరుతో ఉండే ఈ విషయాన్ని నిర్వచనంగా చదివినప్పుడు మరిచిపోయాను, 'అచ్చు' పోయాక మరవలేదు.

5. అక్షరం, క్రమం, వెతుకులాట

డార్ట్‌లో 'స్త్రీ' పొడవెంత అని అడిగితే ఆరు అంటుంది. స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం: మొత్తం ఆరు సంకేతాలు. పాఠకుడు చూసే అక్షరాలను లెక్కించే ప్రత్యేక గ్రంథాలయం డార్ట్‌లో ఉంది. కానీ యూనికోడ్ పాత నియమాలు పొల్లు దగ్గర అక్షరాన్ని తెంచేవి. వాటి ప్రకారం ఇది మూడు ముక్కలు. 2023లో వచ్చిన 15.1 రూపం తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకటిగా పరిగణించే నియమాన్ని చేర్చింది. ఫోన్‌లో, గ్రంథాలయంలో ఏ రూపం ఉందన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

గణవిభజన నేర్చిన విద్యార్థికి ఇక్కడ ఆసక్తికరమైన పని దొరుకుతుంది. 'వచ్చెన్' అన్నదాన్ని కొత్త నియమం కూడా 'వ', 'చ్చె', 'న్' అని మూడుగా చూస్తుంది. ఛందస్సులో అవి రెండే. చివరి పొల్లు ముందరి అక్షరంతో కలిసి దాన్ని గురువు చేస్తుంది. కాబట్టి ఛందోగణనకు అవసరమైన అక్షరాన్ని యూనికోడ్ ఇవ్వదు, మనమే రాసుకోవాలి. పొల్లుతో ముగిసే ముక్కను వెనుకటి ముక్కకు కలపడానికి పది వరుసల సంకేతం చాలు. తరగతిలో మొదటి ప్రోగ్రామింగ్ అభ్యాసంగా దీన్ని ఇవ్వవచ్చు.

అకారాదిక్రమం ఇంకా చిక్కైనది. యంత్రం సంకేత సంఖ్యల వరుసలో పేరుస్తుంది. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 128 స్థానాల్లో ఱ-కారం ర-కారం పక్కన, ళ-కారం ల-కారం పక్కన ఉన్నాయి. వర్ణమాలలో అవి 'హ' తరువాతివి. సున్న సంకేతం అచ్చులకంటే ముందుంది గనుక 'అంచు' ఎప్పుడూ 'అచ్చు'కంటే ముందు వస్తుంది. దంత్య చ-కార, జ-కారాల కోసం 2008లో చేరిన ౘ, ౙ హల్లులన్నింటికీ, గుణింతపు గుర్తులకూ తరువాత ఉన్నాయి. 'చాప', 'చుక్క' మాటల ఉచ్చారణను చూపడానికి ౘ వాడామా, అవి పదకోశం చివరికి జారిపోతాయి. అందువల్ల అక్షరాలకు మనం కోరిన వరుసలో అంకెలు ఇచ్చి, వాటితో పోల్చే చిన్న ప్రమేయం రాయాలి. ఏ నిఘంటు సంప్రదాయాన్ని అనుసరించాలన్నది మాత్రం యంత్రం చెప్పదు. అది పరిశోధకుడి నిర్ణయం, దాన్ని పీఠికలో చెప్పితీరాలి.

వెతుకులాటలో దాగిన చిక్కులు రెండు. ఐత్వాన్ని ఒక సంకేతంగానూ, ఎత్వానికి మరో గుర్తు చేర్చిన జంటగానూ రాయవచ్చు. తెరపై రెండూ ఒకటే, పోల్చితే వేరు. అలాగే ఆంగ్లపదాలను తెలుగులో రాసేటప్పుడు పొల్లు తరువాత చేర్చే విభజన సంకేతాన్ని ఒకరు వాడతారు, మరొకరు వాడరు. వెతికే ముందు రెండువైపులా రూపాన్ని సమం చేసి, ఆ కనిపించని సంకేతాన్ని తీసివేయాలి. తొలుత చెప్పుకున్న 'జ్ఞా' గొడవలో దాగి ఉన్నది ఈ సంకేతమే.

6. ధ్వని, అనుమతి, పరికరాలు

ఉచ్చారణను నమోదు చేసేటప్పుడు 'ఒకే మూలం' అన్న మాటకు హద్దు కనిపిస్తుంది. మైకు వాడుకకు అనుమతి అడిగే పద్ధతి ఆండ్రాయిడ్‌లో ఒకటి, ఐఫోన్‌లో మరొకటి. ఐఫోన్ యాప్‌లో మైకు ఎందుకు కావాలో వివరించే వాక్యం రాయకపోతే యాప్ అక్కడే ఆగిపోతుంది. ఆ వాక్యాన్ని తెలుగులో, మగ్గం దగ్గర కూర్చున్న అవ్వకు చదివి వినిపించగలిగేలా రాయమని విద్యార్థులను అడుగుతాను. ఫోన్ అడిగే అనుమతి వేరు, మనిషి ఇచ్చే అనుమతి వేరు. గొంతు ఎక్కడ వినిపిస్తుందో, పేరు ఉండాలో వద్దో ముందే అడిగి రాసుకోవాలి.

పరికరాల విషయంలో ఆశలు తగ్గించుకోవడం మేలు. కంప్యూటర్‌లో నకిలీ ఫోన్‌ను నడిపించడానికి 8 జీబీ జ్ఞాపకశక్తి కూడా ఇరుకే. విద్యార్థి సొంత ఫోన్‌ను తీగతో కలిపితే ఆ బరువు తగ్గుతుంది. కంప్యూటర్ లేనివారు బ్రౌజర్‌లో తెరుచుకునే డార్ట్‌ప్యాడ్‌లో అక్షర గణన, క్రమం వంటి అభ్యాసాలు చేయవచ్చు. ఐఫోన్ రూపాన్ని తయారుచేయడానికి మ్యాక్ యంత్రం కావాలి. ఆపై యాపిల్ దుకాణానికి ఏడాదికి 99 డాలర్లు, గూగుల్ దుకాణానికి ఒకసారి 25 డాలర్లు చెల్లించాలి. మా ప్రాంతంలో మొదటి రూపానికి ఇవేవీ అక్కరలేదు. యాప్ దస్త్రాన్ని ఒక ఫోన్ నుంచి మరో ఫోన్‌కు నేరుగా పంపవచ్చు. పంపిన తరువాత రెండు వారాలు ఆగి, ఏ మాట తప్పుగా ఉందో నేతగాళ్లనే అడగాలి. సుగ్గి కాలం రాకముందే అడగాలి, వచ్చాక ఇళ్లకు తాళాలుంటాయి.