జేబు చాకు, నేతగాని వ్రేలు

నేతవారి యింట చాకు పట్టని దినము ఉండదు. నూలు కట్ట త్రాడు కోయుట మొదలు నేసిన గుడ్డను మగ్గము నుండి వేరుచేయు వరకు చేయి చాకును ఎన్ని సారులు వెదకునో మనలో ఎవరును లెక్క పెట్టి యుండరు. పన్నె కొనునపుడు వెలుతురుకు పట్టి కంటి కంటిని పరీక్షించు మనము, చాకు కొనునపుడు మాత్రము సంతలో చేతికి దొరకినదానిని జేబులో వేసికొని వచ్చుచున్నాము. ఈ వ్యాసము వ్రాయుటకు అది ఒక కారణము.

రెండవ కారణము మా కుడి చూపుడు వ్రేలు. కొన్ని యేండ్ల క్రిందట ఒక సంతలో చౌకగా దొరకినదని మడత చాకు నొకదానిని కొంటిమి. నల్లని పిడి, తళతళలాడు అలుగు, తెరచినపుడు టక్కుమని శబ్దము. ఆ శబ్దము విని లాకు గట్టిదే అనుకొంటిమి. వర్షాకాలమున ఒకనాడు పడుగులోనికి వెదురు బద్ద చెక్కుచుండగా మొన కణుపులో చిక్కుకొన్నది. వెనుకకు లాగితిమి. లాకు జారి అలుగు మా వ్రేలిపైననే మూసికొన్నది. నాలుగు కుట్లు పడినవి. కుట్లమాట అటుంచుడు, మూడు వారములు తెగిన పోగుకు ముడి వేయలేకపోతిమి. గంజి పెట్టిన పడుగు ఆ ముసురులో మగ్గముపైననే ఉండి బూజు పట్టినది. చాకుకు పెట్టిన వెల యెంత, పోయిన కూలి యెంత అని ఇంటివారు అడిగినపుడు జవాబు చెప్పలేకపోతిమి.

అప్పటినుండి చాకు కనబడిన చోటనెల్ల తెరచి, మూసి, తట్టి చూచుట మాకు అలవాటైనది. మా నాయ్‌గావ్ నాందేడు నుండి దెగలూరు పోవు త్రోవలోనిది. 1956 నవంబరు 1 వరకు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రములో ఉండెను. పిదప బొంబాయి రాష్ట్రములో చేరి, 1960 మే 1న మహారాష్ట్రములోనిదైనది. ఇంటిలో ఒక మాట, బజారులో ఒక మాట మనకు అలవాటే. చాకుకు మాత్రము ఆ చిక్కు లేదు. మనకు చాకు, మరాఠీవారికి చాకూ, ఉర్దూవారికిని చాకూయే. నాందేడులో గురుద్వారా చుట్టునున్న వీధులలో కిర్పానులును, కత్తులును అమ్ము దుకాణములు కలవు. అచ్చటి సరకు చూచుటకు కన్నుల పండువుగా ఉండును గాని మనకు కావలసినది అది కాదు. జేబులో ఇముడవలెను, ఒక చేతిలో నూలు ఉండగా రెండవ చేతితో పని జరుగవలెను, మనలను కోయరాదు.

మొదట చూడవలసినది లాకు. మడత చాకులు స్థూలముగా రెండు తెగలు. లాకు లేక కమాను బిగువుతో మాత్రమే అలుగు నిలుచునవి కొన్ని. స్విట్జర్లండులో ఇబాక్ అను ఊర 1884లో కార్ల్ ఎల్సెనర్ స్థాపించిన పనిశాల ఈ తెగలో పేరెన్నిక గన్నది. 1891లో స్విస్ సైనికులకు చాకులు ఇచ్చినవాడును, 1897లో పలు పనిముట్లు గల ‘అధికారి చాకు’ తయారుచేసినవాడును ఆయనయే. దానినే నేడు విక్టోరినాక్స్ అందురు. తొంబదియొక్క మిల్లిమీటర్ల వారి చాకులో పెద్ద అలుగునకు లాకు ఉండదు. పోగులు, త్రాళ్లు, ఉల్లిపాయలు కోయువారికి దాని అవసరమును లేదు. కొన్ని రకములలో చిన్న కత్తెర కూడ ఉండును. మన పనికి ఆ కత్తెర అలుగుకంటె విలువైనదని మా అభిప్రాయము.

రెండవ తెగ లాకు గలవి. వీనిలో మాకు నచ్చినది ఫ్రాన్సు దేశపు సవాయ్ సీమలో 1890లో జోసెఫ్ ఒపినెల్ మొదలుపెట్టిన కొయ్యపిడి చాకు. పిడి కొసను ఒక ఉంగరము వంటి పట్టీ ఉండును. అలుగు తెరచి ఉంగరమును త్రిప్పినచో అలుగు వెనుకకు మడువబడదు. ఈ ఉంగరము 1955లో వచ్చినది. అంతకంటె సులభమైన లాకును మేము చూడలేదు. అది పడినదో లేదో కంటికే కనబడును. పిడి వెన్నున మీట ఉండు లాకు మరియొకటి. అమెరికాలోని బక్ వారి 110వ నంబరు చాకుతో ఇది లోకమంతట వ్యాపించినది. బరువెక్కువ, గట్టిది. ఇక పిడిలోపలి పలుచని రేకు ప్రక్కకు జరిగి అలుగు మడమకు అడ్డుపడునది వేరొకటి. మంచివాని చేతిలో తయారైనచో ఇదియు మంచిదే. కాని సంతలలో దొరకు చౌక చాకులలో హెచ్చు భాగము ఈ రకమువే. రేకు మెత్తనిదైనను, మడమను సరిగా ఆనకున్నను జారును. మా వ్రేలు తెగినది దీనివల్లనే.

కొనుటకు ముందు దుకాణములోనే పరీక్షింపవచ్చును. అలుగు పూర్తిగా తెరచి లాకు వేయవలెను. వ్రేళ్లు అలుగు మూసికొను దారిలో లేకుండ పిడిని ఇరుప్రక్కల నుండి మాత్రమే పట్టుకొని, అలుగు వెన్నును కొయ్యబల్లపై మెల్లగా రెండు మూడు మారులు తట్టవలెను. లాకు జారినచో అది చాకు కాదు, బోను. పిదప అలుగును ప్రక్కలకు కదల్చి చూడవలెను. కీలు కొత్తలోనే ఊగులాడినచో ఆరు నెలలకు మరింత వదులగును. దుకాణదారు కోపపడవచ్చును, కోపపడనిండు.

మొన విషయము ఇతర వృత్తులవారు చెప్పనిది, మనమే చెప్పుకొనవలసినది. సూదివలె తేలిన మొన పొలములో పనికివచ్చునేమో గాని మగ్గముపై అపాయము. ఒక పోగు కోయబోవగా ప్రక్కపోగు చిక్కును. పొరపాటున చేయి జారి బిగువుగానున్న పడుగుపై పడినచో ఎన్ని పోగులు తెగునో, వానిని అతుకుటకు ఎంతసేపు పట్టునో పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. వెన్ను వంగి వచ్చి వాదరను కలియు మొద్దుమొన అలుగు మనకు తగినది. అట్టిది దొరకనిచో ఉన్నదాని మొననే సానరాతిపై కొంచెము గుండ్రముగా అరగదీసికొనవచ్చును. మేము అట్లే చేసితిమి.

ఉక్కు గురించి పలువురు పలు విధముల చెప్పుదురు. పూర్వము నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రము ఉక్కు పర్షియా వర్తకుల వరకు పోయినది. ‘వూట్జ్’ అని పాశ్చాత్యులు పిలిచినది మన ‘ఉక్కు’ అను మాటయేనని పలువురు పండితులు అందురు. ఆ గొప్ప అట్లుండగా, నేడు మనకు దొరకునవి రెండే: తుప్పు పట్టు ఉక్కు, అంతగా పట్టని ఉక్కు. మొదటిది సులభముగా పదునెక్కును. పాతతోలు పటకాపై పది సారులు దువ్వినచో చాలును. రెండవదానిలో క్రోమియము నూటికి పదిన్నర పాళ్లకు తక్కువ కాకుండ ఉండును. 1913లో షెఫీల్డులో హారీ బ్రేర్లీ ఇట్టి ఉక్కును తయారుచేసిన పిదప చాకుల వ్యాపారమే మారిపోయినది.

పొలముపని వారికి మేము మొదటిదానినే సిఫారసు చేయుదుము. నేతవారికి చేయము. గంజిచేతితో పట్టి, తుడువక తడి గుడ్డపై పెట్టిన చాకు తెల్లవారునప్పటికి గోధుమరంగు మరక విడుచును. ఇనుపమరక చాకిరేవుకు పోదు. నిమ్మరసము కొంత తీయును గాని ఉన్న చోటు తెలియుచునే యుండును. తెల్లని పంచెపై ఆ మరక పడినచో కొనువాడు వెంటనే వెల తగ్గించును. కావున మగ్గము దగ్గర తుప్పు పట్టని ఉక్కే మేలు. పదును కొంచెము శ్రమపడి పెట్టుకొందము. పైన చెప్పిన ఫ్రెంచి చాకు రెండు ఉక్కులలోను దొరకును. కొయ్యపిడి తేమకు ఉబ్బి అలుగు బిగియుట కొయ్యకు సహజము. వానకాలమునకు ముందు పిడికి అవిసెనూనె పట్టించి ఆరబెట్టవలెను. కీలులో మాత్రము కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసి, పొంగినది తుడిచివేయవలెను. కొబ్బరినూనె వేసినచో కొంతకాలమునకు జిగురై దుమ్ము పట్టును.

పదును పరీక్షకు మేము కాగితము కోయము. జనపనార త్రాటిని నూరు మారులు కోసి, పిదప ఒంటి నూలుపోగును వ్రేలాడదీసి కోసి చూతుము. పోగు లాగబడక తెగినచో ఆ చాకు మన యింటికి పనికివచ్చును. జనపనారలోని ఇసుకయు, బేళ్లకు కట్టు ప్లాస్టిక్ పట్టీలును పదునును త్వరగా తినివేయును. చక్రముపై సానపట్టువానికి ఇచ్చునపుడు దగ్గర నిలుచుండవలెను. నిప్పురవ్వలు ఎగురుచుండగా వాదర నీలిరంగుకు తిరిగినచో ఆ భాగమున ఉక్కు పదను చచ్చినట్లే. ఎన్నిమారులు నూరినను నిలువదు.

మోటుపని మాట కూడ అడుగుదురు. మేకు పెరుకుట, డబ్బా మూత ఎత్తుట, వెదురును సుత్తితో కొట్టి చీల్చుట మడత చాకు చేయవలసిన పనులు కావు. కీలు గలది ఏదైనను కీలు దగ్గరనే ఓడును. వెదురుకు కత్తి వేరుగ ఉంచుకొనవలెను. ఆ కత్తి కమ్మరి చేసినదైనను చాలును.

సినిమాలలో చూచి రాంపూరు చాకు మోజు పడు కుర్రవారు మనలోను ఉన్నారు. ఆయుధముల చట్టము 1959 క్రిందివైన నిబంధనలలో, తొమ్మిది అంగుళములకు మించిన పొడవు గాని, రెండు అంగుళములకు మించిన వెడల్పు గాని గల అలుగులు, ఇంటిపనికి, సేద్యమునకు, పరిశ్రమకు ఉద్దేశించినవి తప్ప, ఆయుధములుగ లెక్కింపబడినవి. మన చాకు మూడున్నర అంగుళములు దాటనక్కరలేదు. అయినను 1951 నాటి మహారాష్ట్ర పోలీసు చట్టము 37వ సెక్షను క్రింద అధికారులు నిషేధాజ్ఞలు ఇచ్చిన దినములలో చిన్న చాకైనను బహిరంగ స్థలములలో వెంట ఉండరాదు. పండుగల యూరేగింపులకు, ఎన్నికల సభలకు పోవునపుడు చాకును మగ్గము దగ్గరనే విడిచి పోవుడు. విమానమెక్కువారు దానిని చేతిసంచిలో ఉంచరాదు, సామానులో వేయవలెను.

షోలాపూరు, భివండీలలో మరమగ్గములపై పనిచేయు మన బంధువులకు ఒక మాట. చొక్కా పైజేబులో చాకు పెట్టుకొని నడుచు మగ్గముపైకి వంగకుడు. అది జారి పడినచో ఎచ్చట పడునో మీకు తెలియును. లాగు జేబులో, పిడి పైకి ఉండునట్లు పెట్టుకొనుడు. లేదా గోడకు మేకు కొట్టి అచ్చట తగిలించుడు. మా యింట ఇప్పుడు రెండు చాకులు ఉన్నవి. కత్తెర గలది కండెలు చుట్టు చోట మా ఇంటివారి దగ్గర, ఉంగరము గలది మా దగ్గర. పాత నల్లపిడి చాకు అలుగును విరిచి పారవేసితిమి. పిడిని మాత్రము నాడె కొసకు ఆకురాయి పట్టునపుడు క్రింద ఆనిక కొరకు వాడుచున్నాము.