గార్డన్ మూర్ జోస్యము: గణకయంత్రములు, రేపటి సమాజము

చదరంగమును కనిపెట్టినవాని కథ మనలో పెక్కుమంది చిన్ననాడే విని యుందురు. రాజు వరము కోరుకొమ్మనగా అతడు బల్లమీది మొదటి గడికి ఒక గింజ, రెండవ గడికి రెండు, మూడవ గడికి నాలుగు, ఇట్లు 64 గడులకును రెట్టించుచు ధాన్యము నిమ్మని అడిగెనట. రాజు నవ్వి సరే యనెను. తీరా లెక్క వేయగా రాజ్యములోని గాదెలన్నియు చాలవని తేలినది. ఒక గింజను 10 మార్లు రెట్టించినచో 1,024 గింజలగును. 20 మార్లు రెట్టించినచో 10 లక్షలు దాటును. రెట్టింపునకు గల బలమట్టిది.

ఇట్టి రెట్టింపునే ఆధారముగా గైకొని, గార్డన్ మూర్ అను అమెరికా దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు గణకయంత్రముల భవిష్యత్తును గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. అప్పుడతడు కాలిఫోర్నియాలోని ఫెయిర్‌చైల్డ్ సెమికండక్టర్ సంస్థలో పరిశోధనశాఖకు అధిపతి. వ్యాసము 1965 ఏప్రిల్ 19వ తేదీన 'ఎలక్ట్రానిక్స్' అను పత్రికలో వెలువడెను. ఆ కొద్ది పుటలలో రెండు విధములైన ఊహలు కలవు: ఒకటి యంత్రభాగములను గూర్చినది, రెండవది వానివలన మనుష్యుల జీవితములో రాగల మార్పులను గూర్చినది. ఈ రెండింటి చరిత్రయు ఒక్కటి కాదు.

గొట్టముల నుండి సిలికాన్ పలకకు

1946లో లోకమునకు చూపబడిన ఎనియాక్ అను గణకయంత్రములో సుమారు 18,000 శూన్యనాళములు, అనగా గాలి తీసివేసిన గాజుగొట్టములు, ఉండెను. దాని బరువు సుమారు 30 టన్నులు. గొట్టములు తరచుగా మాడిపోవుచుండెను. 1947లో బెల్ పరిశోధనశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. అది గొట్టము చేయు పనినే చేయును. కాని చిన్నది, చల్లనిది, మన్నికగలది. అయినను ఒక చిక్కు మిగిలెను. వేలకొలది ట్రాన్సిస్టర్లను ఒక్కొక్కటిగా తీగెలతో కలిపి అతుకు వేయవలసి యుండెను. ఒక్క అతుకు ఊడినను యంత్రము నిలిచిపోవును.

1958లో జాక్ కిల్బీ, 1959లో రాబర్ట్ నాయిస్ దీనికి ఉపాయము చూపిరి. ట్రాన్సిస్టర్లను, వానిని కలుపు దారులను ఒకే పలకమీద ఒక్కసారిగా నిర్మించుటయే ఆ ఉపాయము. ఇదియే ఇంటిగ్రేటెడ్ సర్క్యూటు, వాడుకలో చిప్పు.

దీనిని తయారుచేయు విధము ఒక విధముగా బందరు అద్దకమువంటిది. అద్దకపు పనివాడు చెక్క అచ్చును గుడ్డమీద నొక్కినప్పుడు, అచ్చులో 10 పూవులున్నను 100 పూవులున్నను ఒక్క నొక్కుతోనే పడును. చిప్పు విషయమున గుడ్డకు మారు సిలికాన్ పలక, నొక్కుటకు మారు వెలుతురు. వెలుతురు సోకిన మారునట్టి పూతను పలకకు పూసి, బొమ్మగల తెరగుండా వెలుతురు పంపి, కావలసిన చోట్ల పూతను తొలగించి, అచట పలకను చెక్కుదురు. లేదా వేరొక పదార్థమును స్వల్పముగా అందులోనికి చొప్పింతురు. ఇట్లు పొరవెంట పొరగా పని సాగును. బొమ్మ సన్నమైన కొలది అదే స్థలములో ఎక్కువ భాగములు పట్టును; ఖర్చు మాత్రము ఆ మేరకు పెరగదు.

మూర్ వేసిన లెక్క

మూర్ జోస్యమునకు మూలము ఈ ఖర్చే. ఒక చిప్పులో భాగములు పెరిగినకొలది ఒక్కొక్క భాగమునకు పడు ఖర్చు తగ్గును. కాని మరీ ఎక్కువ కూర్చినచో లోపములు పెరిగి, పెక్కు చిప్పులు పనికిరాక పోవును. ఖర్చు తిరిగి పెరుగును. ఈ రెండింటి నడుమ, ఖర్చు మిక్కిలి తక్కువగా ఉండు సంఖ్య ఒకటి కలదు. 1965లో ఆ సంఖ్య సుమారు 50 అనియు, 1970 నాటికి అది 1,000 కాగలదనియు, అప్పటికి ఒక్కొక్క భాగమునకగు ఖర్చు పదియవ వంతునకు దిగుననియు మూర్ వ్రాసెను. ఏటేట రెట్టింపగుచు పోయినచో 1975 నాటికి ఒక చిప్పులో 65,000 భాగములు ఉండగలవని అతని అంచనా. 64ను 10 మార్లు రెట్టించి చూచినచో ఈ సంఖ్య మనకును వచ్చును.

1968లో మూర్, నాయిస్ కలిసి ఇంటెల్ సంస్థను స్థాపించిరి. 1975లో మూర్ తన లెక్కను సవరించి, ఇకమీదట రెట్టింపునకు రెండు సంవత్సరములు పట్టుననెను. ఇంటెల్ 1971లో వెలువరించిన 4004 అను చిప్పులో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లు ఉండెను. 2020లో వచ్చిన ఆపిల్ ఎం1 చిప్పులో 1,600 కోట్లు కలవు. ఈ 49 సంవత్సరములలో సంఖ్య సుమారు 23 మార్లు రెట్టించినది. అనగా ఒక్కొక్క రెట్టింపునకు రెండేండ్లకు కొంచెము పైగా పట్టినది.

దీనికి 'మూర్ నియమము' అని పేరు వచ్చెను. కాని ఇది గురుత్వాకర్షణ నియమమువంటిది కాదు. రాయిని ఎవరు విడిచినను నేలమీద పడును; చిప్పులోని భాగములు మాత్రము మనుష్యులు పనిచేయనిదే పెరుగవు. సంస్థలు ఈ లెక్కను నమ్మి దానికి తగినట్లు గడువులు పెట్టుకొనెను. పరికరములు చేయువారును ఆ గడువులకే పనిచేసిరి. జోస్యము క్రమముగా ప్రణాళికగా మారినది.

వాడుక తెలియని వస్తువు

ఇక రెండవ ఊహ. ఇండ్లలో గణకయంత్రములు, మోటారుకార్లకు స్వయంచాలక నియంత్రణలు, ఎవరికి వారు వెంటగొనిపోగల వార్తాసాధనములు రాగలవని 1965లోనే మూర్ వ్రాసెను. చేతిగడియారమునకు అంకెలు చూపు సాధనమొక్కటే కొరతయనియు చెప్పెను. ఆ వ్యాసముతో అచ్చయిన హాస్యచిత్రములో, ఒక దుకాణమున అలంకారసామగ్రి ప్రక్కనే ఇంటివాడుక గణకయంత్రములు అమ్ముచున్న దృశ్యము కలదు. ఇవన్నియు నేడు నిజమైనవి.

అయినను వానికి దారి తిన్నగా లేదు. 1972లో ఇంటెల్ ఒక ఎలక్ట్రానిక్ గడియారముల సంస్థను కొని, కొన్ని సంవత్సరములకే నష్టపడి ఆ వ్యాపారమును విడిచెను. ఆ గడియారమును మూర్ చాలకాలము ధరించి, అది తన కోటిన్నర డాలర్ల గడియారమని పరిహాసమాడుచుండెను. ఇంతకంటె వింతయైన సంగతి మరియొకటి కలదు. 1970వ దశాబ్దిలో ఒక ఉద్యోగి ఇంటివాడుక గణకయంత్రము చేయుదమని అతనికి సూచించెను. దానితో ఏమి చేయుదురని మూర్ అడుగగా, గృహిణులు వంటల వివరములు దాచుకొనవచ్చునన్న సమాధానము తప్ప వేరొకటి దొరకలేదు. ఆ ప్రతిపాదన అంతటితో ఆగెను. ఈ సంగతిని తరువాత మూరే చెప్పెను. ఇంటింట గణకయంత్రముండునని వ్రాసినవాడే, అది తన బల్లమీదికి వచ్చినప్పుడు గుర్తింపలేకపోయెను!

1975లో ఆల్టెయిర్ అను యంత్రమును విడిభాగములుగా కొని ఇండ్లలో కూర్చుకొన్నవారు ఔత్సాహికులు. అందులోని చిప్పు ఇంటెల్ వారిదే. 1979లో విజికాల్క్ అను లెక్కలపట్టిక వచ్చిన పిమ్మట, చిన్న వ్యాపారులకు కూడ ఈ యంత్రముతో పని కలిగెను. వాడుకను చూపినవారు చిప్పును చేసినవారు కారు. దానిని చేతపట్టి ప్రయోగములు చేసినవారు.

హద్దులు

యంత్రభాగముల లెక్కకును హద్దులు కలవు. ఇన్ని భాగముల వేడిని బయటికి పంపగలమా యని మూర్ 1965లోనే ప్రశ్నించెను. చాలకాలము ట్రాన్సిస్టరు చిన్నదైనకొలది దానికి కావలసిన విద్యుత్తును తగ్గుచు వచ్చినది. 2005 ప్రాంతమున ఈ సౌకర్యము అంతరించెను. అందుచేతనే ఒకే చిప్పులో పెక్కు గణకభాగములు పెట్టవలసి వచ్చినది. సిలికాన్ స్ఫటికములో పరమాణువుల అమరిక సుమారు అర నానోమీటరునకు ఒకమారు మరల వచ్చును. అంతకంటె సన్నగా చెక్కుట సాధ్యము కాదు.

ఖర్చు విషయము మరింత ఆలోచింపదగినది. భాగము చౌకయగుచుండగా, దానిని చేయు కర్మాగారము ప్రియమగుచు వచ్చినది. అత్యాధునికమైన ఒక కర్మాగారమునకు నేడు 1,000 కోట్ల డాలర్లకు మించి కావలయును. కాబట్టి లోకములో అట్టివానిని నడుపగల సంస్థలు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే. దీని ఫలితము 2021లో కనబడెను. కరోనా వ్యాధి కాలమున చిప్పులు చాలక, పెక్కు దేశములలో కార్ల కర్మాగారములు పని ఆపవలసి వచ్చెను. మూర్ ఊహించిన కార్ల నియంత్రణలు వచ్చినవి. వానితోపాటు, అతని లెక్కలో లేని ఈ పరాధీనతయు వచ్చినది.

మూర్ 2023 మార్చి 24న, 94 సంవత్సరముల వయసున మరణించెను. రానున్న యంత్రములను గూర్చి ఉత్సాహముతో జోస్యము చెప్పువారు నేడును కొల్లలుగా కలరు. వారి మాటలను మనము రెండు ప్రశ్నలతో పరీక్షింపవచ్చును. యంత్రము ఇంత శక్తిమంతమగునని చెప్పినచో, ఆ లెక్క దేనిమీద నిలిచియున్నది? సమాజము ఇట్లు మారునని చెప్పినచో, ఆ యంత్రమును వాడువారెవరు, దానిని చేయు శక్తి ఎవరి చేతిలోనున్నది? మొదటిదానికి మూర్ చక్కని సమాధానమిచ్చెను. రెండవదానికి సమాధానము చదరంగపు బల్లమీది గింజల లెక్కలో దొరకదు. ఆ ధాన్యమును ఎవరెవరికి ఎట్లు పంచవలెనో మనుష్యులే నిర్ణయించుకొనవలయును.