పచ్చని చెట్టు – అలసిన మనస్సు

విద్యార్థులారా! పరీక్షలు సమీపించిన కొలది మీలో పెక్కుమందికి తలనొప్పి, నిద్రలేమి, ఆకలి మందగించుట మున్నగు బాధలు కలుగుట మేము చూచుచునే యున్నాము. ఇంట తెలుగు, వీధిలో తమిళము, పై చదువులకు ఇంగ్లీషు – ఇట్లు మూడు భాషల బరువు మోయుచున్న మీకు ఈ అలసట మరికొంత అధికము. మీ పెద్దలకు రేవు పని, చేపల బేరము, దినకూలి మొదలగు చింతలు ఉండనే యున్నవి. ఈ అలసటను కొంత తీర్చుటకు అంతగా వ్యయము లేని సాధన మొకటి కలదు. అదియే పచ్చని చెట్టు. చెట్టు మనస్సును ఎట్లు సేదదీర్చునో శాస్త్రరీత్యా తెలిసికొందము.

ముందుగా, ఒత్తిడి యనగా నేమి? భయము గాని, తొందర గాని కలిగినపుడు మెదడు దేహమును హెచ్చరించును. సహానుభూత నాడీవ్యవస్థ మేల్కొనును. మూత్రపిండములపై టోపీలవలె నుండు అధివృక్క గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అను హార్మోనులను రక్తములోనికి విడుచును. గుండె వడిగా కొట్టుకొనును, కండరములు బిగిసికొనును, రక్తములో చక్కెర పెరుగును. పాము ఎదురైనపుడు పరుగెత్తి ప్రాణము దక్కించుకొనుట కిది మిక్కిలి అవసరము. పాము పోయిన పిమ్మట సహానుభూత పర నాడీవ్యవస్థ దేహమును మరల నెమ్మదింపజేయును. కాని పరీక్ష యను పాము నెలల తరబడి గడపలోనే చుట్టచుట్టుకొని యుండును! దేహమునకు నెమ్మదించు అవకాశమే చిక్కదు. అందువలన నిద్ర చెడును, చదివినది నిలువదు, చిన్నమాటకే కోపము వచ్చును.

ఇక చెట్టు చేయు మేలునకు నిదర్శన మేమి? అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి యొక ఆసుపత్రిలో 1972 మొదలు 1981 వరకు పిత్తాశయమునకు శస్త్రచికిత్స జరిగిన రోగుల వివరములను రోజర్ ఉల్రిచ్ అను పరిశోధకుడు పరిశీలించెను. వయస్సు మున్నగు విషయములలో పోలిక గలవారిని 23 జతలుగా కూర్చెను. ప్రతి జతలో ఒకరి కిటికీ నుండి చెట్లు కనబడెడివి. రెండవవారి కిటికీ కెదురుగా ఇటుక గోడ యుండెడిది. చెట్లను చూచినవారు సగటున 8 దినములలోపుననే ఇల్లు చేరిరి. గోడను చూచినవారికి 8.7 దినములు పట్టెను. చెట్లను చూచినవారికి తీవ్రమైన నొప్పిమందుల అవసరము కూడ తక్కువగ నుండెను. ఈ ఫలితములు 1984లో ‘సైన్స్’ పత్రికయందు వెలువడినవి.

1991లో ఆయనయు, సహచరులును మరియొక ప్రయోగమును ప్రకటించిరి. 120 మంది కళాశాలా విద్యార్థులకు మొదట కర్మాగార ప్రమాదములను చూపు చలనచిత్రమును ప్రదర్శించి కలత కలిగించిరి. పిదప కొందరికి ప్రకృతి దృశ్యములను, కొందరికి నగర వీధులను పది నిమిషములపాటు చూపిరి. ప్రకృతిని చూచినవారి గుండె, కండరములు, చర్మము త్వరగా మామూలు స్థితికి వచ్చినట్లు కొలతలు తెలిపినవి.

దీనికి కారణములు రెండు చెప్పుదురు. పచ్చదనమును చూడగానే దేహము అపాయము లేదని గ్రహించి నెమ్మదించునని ఒక వాదము. రెండవది రేచల్ కాప్లాన్, స్టీఫెన్ కాప్లాన్ అను దంపతులు 1989లో తమ గ్రంథమున విపులీకరించినది. లెక్క చేయునపుడు మనస్సును బలవంతముగ ఒకచోట నిలుపవలయును. ఆ శక్తి క్రమముగ అలసిపోవును. ఆకుల కదలిక, పక్షుల రాకపోకలు ప్రయత్నము లేకయే మన దృష్టి నాకర్షించును. ఆ కొద్దిసేపు బలవంతపు ఏకాగ్రతకు విశ్రాంతి లభించును.

చెట్టు విడుచు ఆమ్లజనియే ఈ మేలునకు కారణమని కొందరు తలంచుచుందురు. అది సరికాదు. కుండీలోని మొక్క యిచ్చు ఆమ్లజని మిక్కిలి స్వల్పము. మేలు కన్నుల ద్వారమున, నాడుల ద్వారమున కలుగుచున్నది. నీడయు, ఆకులు బాష్పోత్సేకముచే గాలిని చల్లబరచుటయు దానికి తోడ్పడును. మే నెల ఎండను ఎరిగిన రాయపురము వారికి దీనిని వేరుగ చెప్పనక్కరలేదు.

జనసమ్మర్దము గల చోట తోట అవసరమని మన పట్టణము ఏనాడో గుర్తించినది. 1859లో గవర్నరు సర్ చార్లెస్ ట్రెవెలియన్ సెంట్రల్ ప్రాంతమున ‘పీపుల్స్ పార్కు’ను నెలకొల్పెను. దాని విస్తీర్ణము 116 ఎకరములు. అందు చెరువులు, కాలిబాటలు ఉండెడివి. కాలక్రమమున విక్టోరియా మందిరము, మూర్ మార్కెట్టు, రిప్పన్ భవనము, క్రీడారంగము అచ్చట వెలసినవి. తోటలో మిగిలినది కొద్ది భాగమే. కట్టడము లన్నియు అవసరమైనవే. అయినను వందలాది వృక్షముల నీడ తరిగిపోయినది. మన పేటలోని రాబిన్సన్ పార్కును పెక్కుమంది 1949 సెప్టెంబరులో ద్రావిడ మున్నేట్ర కళగము ప్రారంభసభ జరిగిన స్థలముగ మాత్రమే ఎరుగుదురు. ఇరుకు వీధులవారికి తోట యనునది ఊపిరి పీల్చుకొను చోటని కూడ మనము ఎరుగవలయును.

2016 డిసెంబరు 12న వచ్చిన వర్దా తుపాను ఒక్క దినముననే నగరమున వేలకొలది చెట్లను కూల్చినది. కూలుటకు ఒక పూట చాలును; మరల నీడనిచ్చుటకు సంవత్సరములు పట్టును. ఖమ్మము జిల్లా రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్య తన జీవితమంతయు మొక్కలు నాటుటయందే గడపి ‘వనజీవి’ యనిపించుకొనెను. 2017లో పద్మశ్రీ పురస్కారము నందుకొనెను. 2025లో ఆయన మరణించెను. ఆయన నాటిన చెట్లు నీడనిచ్చుచునే యున్నవి.

కావున విద్యార్థులారా, చదువు నడుమ పది నిమిషములు చరవాణిని పక్కన పెట్టి చెట్టుక్రింద కూర్చుండుడు. పెరడు లేనివారు మేడపై పగిలిన కుండలోనైనను తులసినో, బంతినో పెంచవచ్చును. రోజూ నీరు పోయుటయు మనస్సునకు ఒక నెమ్మదియే. అయితే, దిగులు వారముల తరబడి వదలనిచో చెట్టు నీడయే చాలునని ఊరకుండరాదు. పెద్దలకు, ఉపాధ్యాయులకు చెప్పవలయును, వైద్యుని చూడవలయును. చెట్టు వైద్యునికి బదులు కాదు, వైద్యునికి తోడు. అట్టి తోడును కాపాడుకొనుట మన చేతిలోని పని.