'లేట్' అంటే ఆలస్యమా, దివంగతమా?

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలలోని భాషా సమ్మేళనం బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నాటిది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి ఉద్యోగార్థులై వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగువారు ఇంట తెలుగు, బజారులో హిందీ, బెంగాలీ మాట్లాడుకొంటారు. కాగితం మీదికి వచ్చేసరికి మాత్రం ఆంగ్లం తప్పదు. అక్కడ ఒక్క మాట స్వరూపం మారితే అర్థమే తలక్రిందులు కావచ్చు.

వ్యాగను చక్రాలను ఎంతో శ్రమపడి పరీక్షించిన ఒక ఉద్యోగి, తన సంజాయిషీలో 'ఐ వర్క్‌డ్ హార్డ్' అనడానికి బదులు 'ఐ హార్డ్‌లీ వర్క్‌డ్' అని వ్రాశాడనుకొందాం. తాను పనే చేయలేదని స్వహస్తాలతో అంగీకరించినట్లయింది! 'హార్డ్ వర్క్' అన్నప్పుడు 'హార్డ్' విశేషణం, 'వర్క్‌డ్ హార్డ్' అన్నప్పుడు అదే క్రియావిశేషణం. 'లీ' చేర్చవలసిన పనే లేదు.

చివర 'లీ' ఉంటే క్రియావిశేషణమని బడిలో నేర్పిన సూత్రం సగమే సత్యం. 'ఫ్రెండ్లీ', 'టైమ్‌లీ' అనేవి విశేషణాలు. 'డైలీ' మరీ చిత్రమైనది. హౌరాకు నిత్యం లోకల్ బండిలో వెళ్ళివచ్చే 'డైలీ ప్యాసింజర్'లో అది విశేషణం. 'ది ట్రెయిన్ రన్స్ డైలీ'లో క్రియావిశేషణం. ఆ ప్రయాణికుడు చదువుకొనే దినపత్రికను 'డైలీ' అంటే నామవాచకం. కనుక మాట రూపం చూసి కాక, వాక్యంలో అది దేనిని ఆశ్రయించి ఉన్నదో చూసి నిర్ణయించాలి. నామవాచకాన్ని ఆశ్రయిస్తే విశేషణం. క్రియనుగాని, విశేషణాన్నిగాని, మరొక క్రియావిశేషణాన్నిగాని ఆశ్రయిస్తే క్రియావిశేషణం.

తెలుగువారికి ఇందుకొక సులభోపాయం ఉన్నది. మాటను తెలుగులోకి మార్చి చూడండి. 'అయిన' కుదిరితే విశేషణం, 'గా' కుదిరితే క్రియావిశేషణం. 'ఫాస్ట్ ట్రెయిన్' వేగమైన బండి, 'రన్స్ ఫాస్ట్' వేగంగా పోతుంది. ('ఫాస్ట్‌లీ' అనే మాట ప్రామాణిక ఆంగ్లంలో లేదు.) 2013లో గోరఖ్‌పూర్ మించిపోయేవరకు ప్రపంచంలో అతి పొడవైనదిగా పేరొందిన మన 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం 'లాంగ్'. దాని మీద చాలాసేపు నిరీక్షించినా 'వెయిటెడ్ లాంగ్'.

కాల, స్థల వాచకాల వద్ద ఈ ఉపాయం పనిచేయదు. అసలు చిక్కు అక్కడే. ద్రావిడ భాషలలో ఇటువంటి మాటలు నామవాచకాల వలెనే విభక్తులు ధరిస్తాయని భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి వివరించారు. 'రేపు రా' అన్నా, 'రేపటి బండి', 'రేపటికి' అన్నా మనకు తేడా తోచదు. ఆంగ్లంలో 'కమ్ టుమారో' అంటే క్రియావిశేషణం. 'టుమారో ఈజ్ సండే' అంటే అదే మాట కర్తృస్థానంలో నిలిచిన నామవాచకం. 'అప్' కూడా అంతే. 'అప్ లైన్'లో విశేషణం, 'వెంట్ అప్'లో క్రియావిశేషణం, 'అప్స్ అండ్ డౌన్స్'లో బహువచనం సైతం ధరించిన నామవాచకం. పై అధికారి, పైకి వెళ్ళాడు, పైనుండి వచ్చింది అనే మన మాటలతో పోల్చుకొంటే బోధపడుతుంది.

'హోమ్' దగ్గర మనవారు తరచుగా తడబడతారు. 'ఇంటికి వెళ్ళాడు' అనడంలో 'కి' తప్పనిసరి గనుక 'వెంట్ టు హోమ్' అనేస్తారు. అక్కడ 'హోమ్' క్రియావిశేషణం, 'టు' అక్కరలేదు. మరి స్టేషను ప్రవేశాన్ని కాచే 'హోమ్ సిగ్నల్' మాటేమిటి? ముందు నిలిచినంతమాత్రాన విశేషణమని భ్రమపడరాదు. 'వెరీ హోమ్ సిగ్నల్' అనలేము గనుక అది సిగ్నల్‌కు తోడు వచ్చిన నామవాచకమే. 'వెరీ స్లో ట్రెయిన్' అనగలము. 'స్లో' నిజమైన విశేషణం.

ఇక 'లేట్'. 'ట్రెయిన్ ఈజ్ లేట్'లో విశేషణం, 'ట్రెయిన్ అరైవ్డ్ లేట్'లో క్రియావిశేషణం. 'లేట్‌లీ' అంటే ఆలస్యంగా అని కాదు, ఇటీవల అని. వ్యక్తుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. హాజరు నివేదికలో 'ది లేట్ క్లర్క్' అని వ్రాస్తే, పది నిమిషాలు ఆలస్యంగా వచ్చి ఎదుట కూర్చున్న మనిషి దివంగతుడైపోతాడు. 'ది క్లర్క్ హూ కేమ్ లేట్' అని వ్రాయడం ఉభయులకూ క్షేమం.