లోపలి బలం, వెలుపలి బలం: చైనా యుద్ధకళల్లో ఒక విభజన చరిత్ర

చైనా యుద్ధకళలను ఆంతరికమనీ బాహ్యమనీ రెండు పాయలుగా విడదీసి చెప్పడం ఈనాడు సర్వసాధారణం. తైచీ, షింగ్యీ, బాగువా అనే మూడింటిని ఆంతరిక శాఖలోనూ, షావోలిన్ బౌద్ధ మఠం పేరుతో ప్రసిద్ధమైన సంప్రదాయాన్నీ దానితో చుట్టరికం చెప్పుకొనే అనేక పద్ధతులనూ బాహ్య శాఖలోనూ చేర్చడం రివాజు. మొదటి శాఖ శ్వాస, ఏకాగ్రత, కండరాల సడలింపు వంటివాటిని నమ్ముకుంటుందనీ, రెండవది కండబలం, వేగం, దెబ్బను తట్టుకొనే దారుఢ్యం మీద నిలుస్తుందనీ దీనికి వివరణ ఇస్తారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. అయితే ఆ నిజం ఉన్నది సాధన సాగే క్రమంలోనే తప్ప శాఖలకు తగిలించిన పేర్లలో కాదు. పేర్ల చరిత్రను సాధన చరిత్రగా పొరబడటం వల్లనే ఈ విషయం చుట్టూ ఇన్ని అపోహలు అల్లుకున్నాయి.

ఈ విభజన మొదటిసారిగా కనిపించేది ఏ యుద్ధకళా గ్రంథంలోనూ కాదు, ఒక స్మారక లేఖలో. జెజియాంగ్ ప్రాంతానికి చెందిన మహాపండితుడు హువాంగ్ జోంగ్‌షీ 1669లో వాంగ్ జెంగ్‌నాన్ అనే వీరుడి సమాధి కోసం దానిని రచించాడు. షావోలిన్ విద్య ఎదుటివారిపై విరుచుకుపడటమే ప్రధానంగా గలది గనుక అందులో ప్రత్యర్థికి సందు దొరుకుతుందనీ, దానికి భిన్నంగా నిశ్చలతతో చలనాన్ని అదుపుచేసే ఆంతరిక శాఖ ఒకటి ఉందనీ, వాంగ్ జెంగ్‌నాన్ దానికి వారసుడనీ ఆయన రాశాడు. ఆ శాఖకు మూలపురుషుడుగా ఆయన చెప్పినది వుడాంగ్ పర్వతంపై నివసించిన తావో యోగి జాంగ్ సాన్‌ఫెంగ్‌ను. సోంగ్ వంశపు చక్రవర్తి హుయ్‌జోంగ్ కాలంలో ఒక దేవత ఈ యోగికి కలలో విద్య ఉపదేశించిందనీ, మరునాడే అతడు ఒంటరిగా వందమందికి పైగా దొంగలను చంపాడనీ ఆ లేఖ చెబుతుంది. ఇతర చైనా గ్రంథాలు ఇదే యోగిని అంతకు రెండు శతాబ్దాలకు పైగా తరువాతి మింగ్ వంశపు తొలినాళ్ళలో నిలుపుతాయి గనుక, దీనిని చరిత్రగా కాక పురాణంగా స్వీకరించడమే సబబు.

హువాంగ్ జోంగ్‌షీ సామాన్య లేఖకుడు కాడు. ఉత్తరాది నుంచి వచ్చి మింగ్ రాజ్యాన్ని కూలదోసిన మంచూలను ఆయుధం పట్టి ఎదిరించి, ఓడిన తరువాత కూడా వారి కొలువులో చేరని ఆత్మాభిమాని. పరదేశం నుంచి వచ్చిన బౌద్ధాన్ని బాహ్యమనీ, చైనా గడ్డపై పుట్టిన తావో మార్గాన్ని ఆంతరికమనీ పోల్చి, నిబ్బరంగా నిలిచినవాడు దూకుడుగా వచ్చినవాణ్ని పడగొట్టగలడని చెప్పడంలో ఆయన పరాయి పాలకులనే ఉద్దేశించి ఉంటాడని ఆధునిక చరిత్రకారులు పలువురు భావిస్తున్నారు. ఈ వ్యాఖ్యానం ఆ కాలపు పరిస్థితికి చక్కగా అతుకుతుంది. ఆయన కుమారుడు హువాంగ్ బాయ్‌జియా స్వయంగా వాంగ్ జెంగ్‌నాన్ వద్ద ఆ విద్య నేర్చుకొని, 1676లో దాని భంగిమలనూ సూత్రాలనూ అక్షరబద్ధం చేశాడు; తాను చదువుల వైపు మళ్ళిపోవడంతో గురువు విద్య అంతరించిపోతున్నదని అందులో విచారించాడు. నేటి తైచీకి గాని, షింగ్యీ, బాగువాలకు గాని ఆ విద్యతో పరంపరాగత సంబంధం ఉన్నదనడానికి ఆధారాలు లేవు.

మరి ఈ మూడింటికీ ఆంతరికమనే పేరు ఎలా వచ్చింది? దానికి సమాధానం 19వ శతాబ్దపు చివరి దశకంలోని బీజింగ్ పరిసరాల్లో ఉంది. అక్కడి గురువులు ఒకరి శిష్యులు మరొకరి వద్ద నేర్చుకొనే వాతావరణాన్ని కల్పించి, ఈ మూడు విద్యలనూ ఒకే కుటుంబంగా పరిగణించడం మొదలుపెట్టారు. ఆ వాతావరణంలో ఎదిగిన సున్ లుతాంగ్ (1860–1933) మూడింటినీ మూడు వేర్వేరు గురుపరంపరల నుంచి అభ్యసించి, 1915లో షింగ్యీపైనా, ఆ తరువాతి ఏళ్ళలో బాగువా, తైచీలపైనా పుస్తకాలు ప్రచురించి, వాటి అంతస్సూత్రం ఒక్కటేనని వాదించాడు. చదువుకున్నవారు యుద్ధకళలను మొరటు పనిగా చూసే రోజుల్లో, వాటిని తావో తత్త్వంతో ముడివేసి గౌరవం తెచ్చిన ఘనత ఆయనది. ఆ గౌరవంతో పాటే వర్గభేదమూ బలపడింది. 1928లో నాన్‌జింగ్‌లో స్థాపించిన కేంద్రీయ జాతీయ యుద్ధకళా సంస్థ బోధనను షావోలిన్, వుడాంగ్ అనే రెండు విభాగాలుగా ఏర్పాటు చేయగా, రెండు పక్షాల మధ్య కీచులాటలు ముదిరి, కొద్ది నెలలకే ఆ ఏర్పాటును రద్దు చేయవలసివచ్చింది.

ఈ సందర్భంలోనే తాంగ్ హావో అనే పరిశోధకుడు 1930లో షావోలిన్, వుడాంగ్ గాథలను పరీక్షించే పుస్తకం వెలువరించి, జాంగ్ సాన్‌ఫెంగ్ తైచీని సృష్టించాడన్న మాటనూ, బోధిధర్ముడు షావోలిన్ విద్యను స్థాపించాడన్న మాటనూ ఒకే గాటన కట్టి తోసిపుచ్చాడు. 2011లో తమిళం నుంచి తెలుగులోకి వచ్చిన ‘సెవెన్త్ సెన్స్’ సినిమా పుణ్యమా అని బోధిధర్ముడి పేరు తెలుగువారికి సుపరిచితం గనుక ఇక్కడ ఒక మాట చెప్పవలసి ఉంది. ఆయన దక్షిణ భారతదేశం నుంచి వచ్చాడని ప్రాచీన బౌద్ధ రచనల్లో ఉన్నది, కాని ఆయన యుద్ధవిద్య నేర్పాడని తొలి శతాబ్దాల రచన ఏదీ చెప్పదు. ఆ మాటకు ఆధారంగా చూపే స్నాయు పరివర్తన గ్రంథం, అంటే యీజిన్‌జింగ్, 17వ శతాబ్దానికి చెందినది. 1624 నాటి దాని అనుబంధ లేఖ కింద ఉన్నది ఒక తావో సాధకుడి పేరు. పైగా ఆ గ్రంథం బోధించేది శ్వాసతోనూ ధ్యానంతోనూ శరీరాన్ని లోపలి నుంచి దృఢపరచుకొనే పద్ధతిని. బాహ్య శాఖకు ఆదిగురువని చెప్పే వ్యక్తికి ఆపాదించిన పుస్తకమే ఆంతరిక సాధనా గ్రంథం కావడాన్ని బట్టి ఈ గీత ఎంత పలుచనిదో ఊహించవచ్చు.

చరిత్రను పక్కనపెట్టి సాధనను దగ్గరగా చూస్తే, ఈ రెండు మాటలకూ నిజమైన అర్థం దొరుకుతుంది. పిడికిలి విసిరేటప్పుడు మోచేతిని చాచే కండరం దండచేయి వెనుక ఉంటుంది, మడిచే కండరం ముందు ఉంటుంది. కొత్తగా నేర్చుకొనేవాడు గట్టిగా కొట్టాలన్న తపనతో రెండింటినీ ఒకేసారి బిగిస్తాడు గనుక, ఒకటి ముందుకు తోస్తుంటే రెండవది వెనక్కి లాగుతూ వేగాన్ని తగ్గిస్తుంది. భుజం పైకి లేచిపోయి, పాదం నుంచి తొడ, నడుము, వెన్ను మీదుగా రావలసిన బలం అక్కడే ఆగిపోతుంది. బావిలోంచి నిండు చేదను తోడే అనుభవజ్ఞుడు చేతులతో కాక నడుముతోనూ కాళ్ళతోనూ లాగినట్లే, శరీరమంతా ఒక్కటై ఇచ్చే ఈ బలాన్ని చైనా గురువులు జిన్ అంటారు. ఒక్క అవయవపు కండబలం లి. అనవసరమైన బిగువును వదిలివేయడం సోంగ్. అది నీరసపడటం కాదు, నిలబడటానికి కావలసినంత బిగువును మాత్రమే ఉంచుకోవడం.

తైచీలోని జంట అభ్యాసమైన తుయ్‌షౌలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఇద్దరు ఎదురెదురుగా, చెరొక పాదం ముందుకు వేసి, ముంజేతులు తేలికగా ఆనించి నిలబడతారు. ఒకరు రొమ్ము వైపు తోసినప్పుడు రెండవవాడు ఎదురు తోయడు, చేయి తీసివేయడు. ముంజేతిని గుండ్రంగానే ఉంచి, బరువును వెనుక కాలిపైకి మార్చుకుంటూ నడుము తిప్పుతాడు. తోపు అతడి పక్కనుంచి జారిపోతుంది, తోసినవాడి బరువు ముందరి కాలివేళ్ళ మీదికి వచ్చేస్తుంది. ఆ క్షణాన్ని చర్మపు స్పర్శ ద్వారానే పసిగట్టడాన్ని ఆ సంప్రదాయంలో వినడం అంటారు. అప్పుడు కొద్దిపాటి ఒత్తిడితోనే ఎదుటివాడు తూలిపోతాడు. చూసేవారికి ఇది మాయలా తోస్తుంది గాని, తుల తప్పిన మనిషిని కదిలించడానికి పెద్ద బలం అక్కరలేదన్నదే దీని కీలకం. బొడ్డుకు కొంచెం దిగువనున్న దంత్యెన్ స్థానంపై దృష్టి నిలపడం, చీ అనే ప్రాణశక్తి అక్కడ చేరుతున్నట్లు భావించడం కూడా ఈ క్రమంలో భాగమే. ఆ శక్తి స్వరూపం గురించి ఎవరి నమ్మకం ఎలా ఉన్నా, భుజాలను దించి శ్వాసను పొట్టలోకి తీసుకొనేలా చేయడంలో ఆ భాష ఎంతో ఉపయోగపడుతుంది.

షావోలిన్ దారి మరొక చోట మొదలవుతుంది. తొడలు నేలకు సమాంతరంగా ఉండేలా కాళ్ళు ఎడంగా పెట్టి కూర్చున్నట్లు నిలిచే మాబు భంగిమ, ఎగిరి తన్నడం, కర్రసాము, ధాన్యం లేదా గులకరాళ్ళు నింపిన సంచిపై అరచేతితో కొడుతూ చేతిని గట్టిపరచుకోవడం వంటివి ముందుగా వస్తాయి. హెనాన్ రాష్ట్రంలోని ఆ మఠంలో ఒక మందిరపు నేలపై నేటికీ గుంటలు కనిపిస్తాయి. తరతరాల భిక్షువుల పాదాభ్యాసం వల్ల అవి ఏర్పడ్డాయని అక్కడివారు చెబుతారు. ఇంతటి కఠోర సాధన తరువాత ఆ విద్యలో పండినవారు కూడా బిగువు వదిలే కదులుతారు. అటు ఆంతరికమని పేరొందిన విద్యల్లోనూ మోటుదనానికి లోటు లేదు. తైచీకి పుట్టిల్లయిన చెన్‌జియాగౌ గ్రామపు సాధనలోని రెండవ భంగిమల వరుసలో దూకడాలు, నేలను దడదడలాడించే పాదఘాతాలు ఉన్నాయి. షింగ్యీ సూటిగా దూసుకుపోయి కొట్టే విద్య. ఉద్యానవనాల్లో కనిపించే మందగమనపు తైచీ రూపానికి ప్రధాన కారకుడు 20వ శతాబ్దపు తొలి భాగంలో దానిని బోధించిన యాంగ్ చెంగ్‌ఫూ. కనుక భేదం ప్రారంభంలోనిదే: ఒకరు దారుఢ్యంతో మొదలుపెట్టి మృదుత్వానికి వస్తారు, మరొకరు మృదుత్వంతో మొదలుపెట్టి బలానికి వస్తారు.

మన నగరాల్లో ఈ విద్యలు నేర్చుకోదలచినవారు శాఖ పేరును బట్టి కాక, అక్కడ జరిగే శిక్షణను బట్టి నిర్ణయించుకోవాలి. ఆంతరిక విద్య అని చెబుతూ జంట అభ్యాసాన్ని అసలు చేయించని చోటూ, బాహ్య విద్య అని చెబుతూ పట్టుసడలింపు, శ్వాస ఊసే ఎత్తని చోటూ సగం విద్యే దొరుకుతుంది. వయసు మళ్ళినవారు, మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు లోతైన భంగిమలకు పోకుండా, వైద్యుడిని సంప్రదించి నెమ్మదిగా మొదలుపెట్టడం మంచిది.