రాచబాటయు, కాలువగట్టు బాటయు

నలమహారాజు కథ నెఱుగని గృహిణి మనలో నుండదు. దమయంతికి మరల స్వయంవరమని విని అయోధ్యాధిపతి యగు ఋతుపర్ణుడు ఒక్క పగటిలో విదర్భ చేరగోరెను. బాహుకుడను మాఱుపేరుతో నున్న నలుడు రథము దోలెను. త్రోవలో రాజుగారి యుత్తరీయము జాఱిపడినది. క్షణకాలము రథమాపినచో వార్ష్ణేయుడు పోయి తెచ్చునని రాజనగా, ఆ వస్త్రము అప్పటికే యోజనము వెనుకబడినదని నలుడు బదులు చెప్పెను. చిన్ననాట మా తండ్రిగారు ఈ ఘట్టమును చదివి వినిపించినపుడు మేము నలుని నేర్పునకు అబ్బురపడితిమి. ఇప్పుడు నాలుగు వరుసల రహదారిపై కారులో పోవునపుడెల్ల మాకు ఆ జాఱిపడిన యుత్తరీయమే జ్ఞప్తికి వచ్చుచున్నది.

గడచిన మార్గశిరమాసములో మేనగోడలి వివాహమునకై విజయవాడనుండి భీమవరము ప్రాంతమునకు పోవలసివచ్చెను. కారు తోలినవాడు మా మరది. ముందు మా వారు, వెనుక అత్తగారును మేమును. "ఏలూరు మీదుగా పెద్దరోడ్డున పోదము వదినా, ముహూర్తమునకు అందవలెను గదా! ఆలస్యము అమృతము విషము" అని మరది యనెను. అట్లే పోయితిమి. ముల్లు నూఱు దగ్గఱ నిలిచినది. ఇటు లారీ, అటు బస్సు, నడుమ మేము. మాటలాడుటకు ధైర్యము చాలలేదు. అత్తగారు ముందు సీటును రెండు చేతుల పట్టుకొని విష్ణు సహస్రనామము మొదలుపెట్టిరి. ఏలూరు దాపున నొక స్త్రీ నెత్తిపై గడ్డిమోపుతో, కొంగు పట్టుకొనియున్న ఇద్దఱు పిల్లలతో నడిమి గట్టుపై నిలిచియుండెను. సగము దారి దాటినది, తక్కిన సగము దాటుటకు సందు దొరకలేదు. ఆమె ముఖమును మేము సరిగా చూడనైనను లేదు, అంతలో వెనుకకు పోయెను.

అనుకొన్న వేళకంటె ఇరువది నిమిషములు ముందే చేరితిమి. చేరి చూతుము గదా, మగపెండ్లివారే యింకను రాలేదు. నలువది నిమిషములు పందిటిలో కూర్చుండి వారికొఱకు ఎదురుచూచితిమి. ఆ మిగిల్చిన ఇరువది నిమిషములను ఏమి చేసికొంటిమని ఎవరైన అడిగిన, మాయొద్ద సమాధానము లేదు.

మఱునాటి యుదయము తిరుగుప్రయాణములో "పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్లు త్రాగుట మేలు నాయనా, ఊళ్లమీదుగా పోనిమ్ము" అని అత్తగారు పట్టుబట్టిరి. ఆకివీడు, కైకలూరు, గుడివాడ మీదుగా మరలితిమి. కాలువ ప్రక్కన కొబ్బరిచెట్లు, చేపలచెఱువులు, బాతుల గుంపులు. అత్తగారికి నోరు పెగలినది. తాము కాపురమునకు వచ్చిన నాటి ముచ్చట్లు, కాలువలలో పడవలు నడచిన రోజులనుగూర్చి తమ అత్తగారి నోట విన్న మాటలు, ఒక్కటొక్కటిగ చెప్పిరి. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసినది మొదలు ఈ డెల్టా కాలువలు పైరుకు నీరిచ్చుటయే గాక, బియ్యమును బంధువులను మోసిన బాటలుగ గూడ నుండినవి. పల్లెబాటయే సుఖమని మేము మనసులో తీర్పు చెప్పుకొనుచుంటిమి.

ఆ తీర్పు పది నిమిషములైనను నిలువలేదు. కాలువ మలుపులో సగము దారిమీద ధాన్యము ఆరబోసియుండెను. దారి ఖాళీగ నున్నదని మా మరది డెబ్బదిలో తోలుచుండెను. ధాన్యమును తప్పించుకొనుచు ఒక చిన్నది సైకిలుపై ఎదురుగ వచ్చినది. కారు కీచుమని ఆగినది. ఆ పిల్లకును కారుకును నడుమ రెండు బారలు కూడ లేదు. బెదరి ఆమె సైకిలుతో గూడ వడ్లలో పడెను. అత్తగారు గబాలున దిగి, పిల్లను లేవనెత్తి, గౌనుకంటిన వడ్లు దులిపి, "దెబ్బ తగిలినదా తల్లీ?" అని యడిగిరి. ఆ పిల్ల కన్నీరు తుడుచుకొనుచు, "లేదండీ, బడికి వేళయిపోయినదండీ" అని సైకిలెక్కి పోయినది. మా మరది చేతులు పావుగంటసేపు వణకుచునే యుండినవి. తరువాత గుడివాడ వఱకు కారులో ఎవ్వరును మాటలాడలేదు.

ఆనాటినుండి మేము ఆలోచించుచున్న దిది: దారి చిన్నదైనంత మాత్రమున అది క్షేమమైనది కాదు. పెద్దరోడ్డుకు నడుమ గట్టుండును, ఎదురుబండి మీదికి రాదు. పల్లెబాటకు అదియును లేదు. మలుపులు, పశువులు, కళ్లపు ధాన్యము, బడిపిల్లలు, అన్నియు దానిమీదనే. ఆ బాటను సుఖముగ చేసినది బాట కాదు, అంతవఱకు మేము మెల్లగ పోవుట.

మా వారు ఉపాధ్యాయులు. ఇల్లు చేరిన పిమ్మట కాగితముపై లెక్క వేసి చూపిరి. ప్రమాదమును చూచి కాలు బ్రేకుపైకి పోవుటకు ఒక సెకను పట్టుననుకొందము. పొడి దారిపై, మంచి బ్రేకులతో, గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు కారు రమారమి 28 మీటర్లలో నిలుచును. 70లో పోవునది 46 మీటర్లు, 100లో పోవునది 83 మీటర్లు కోరును. వేగము రెట్టింపైన బ్రేకు వేసిన పిమ్మటి దూరము నాలుగింత లగుట దీనికి కారణము. ఇంకొక మాట విని మేము నిశ్చేష్టలమైతిమి. 50లో వచ్చిన కారు పూర్తిగ నిలిచిపోయిన చోట, 70లో వచ్చిన కారు ఇంకను 58 కిలోమీటర్ల వేగముతో నుండును! తేడా ఇరువదియే యని మనమనుకొందుము. ఆ చిన్నదానికి ఆ ఇరువదియే ప్రాణము.

దేశము మొత్తముమీద చూచిన నీ లెక్క మఱింత భయంకరము. 2022వ సంవత్సరమున భారతదేశములో రహదారి ప్రమాదములవలన 1,68,491 మంది మరణించిరని కేంద్ర ప్రభుత్వపు నివేదిక తెలుపుచున్నది. అందు నూటికి డెబ్బదియొక్క మందికి పైగా మరణకారణము అతివేగమని వ్రాసియున్నది. దేశమందలి దారుల పొడవులో జాతీయ రహదారులు నూటికి రెండు పాళ్లు మాత్రమే యైనను, ఆ మృతులలో 61,038 మంది వానిమీదనే పోయిరి. సగటు వేగము నూటికొక పాలు పెరిగిన, ప్రాణాంతక ప్రమాదపు భయము నూటికి నాలుగు పాళ్లు పెరుగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

అట్లని పెద్దరోడ్డును నిందించుట మా యుద్దేశము కాదు. హైదరాబాదు చుట్టును 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి కలదు. దానిపైకి పాదచారులను, ద్విచక్రవాహనములను రానీయరు. 2023లో అచ్చటి గరిష్ఠవేగమును 100 నుండి 120కి పెంచిరి. అట్టి మూసిన దారి వేగమును కొంత యోర్చుకొనును. కాని మన రహదారులలో ననేకములు ఊళ్లను రెండుగ చీల్చి పోవుచున్నవి. ఇల్లు ఈవల, పొలము ఆవల. బడి ఈవల, బావి ఆవల. ఆ దారి దాటవలసినవారు కారులలో పోవువారు కారు, గడ్డిమోపు మోయువారు. నూఱు కిలోమీటర్ల వేగమునకు కట్టిన దారిని గంటకు నాలుగు కిలోమీటర్లు నడచు తల్లి దాటుట ఏ శాస్త్రమున న్యాయము?

2018 ఏప్రిలులో కేంద్ర ప్రభుత్వము వేగపరిమితులను పెంచుచు, కారులకు ఎక్స్‌ప్రెస్‌వేపై 120, నడుమ గట్టున్న నాలుగు వరుసల దారులపై 100, తక్కిన దారులపై 70 అని ప్రకటించెను. 2021లో మద్రాసు ఉన్నత న్యాయస్థానము ప్రమాదమున అంగవైకల్యము పొందిన ఒక దంతవైద్యురాలి పరిహారపు వ్యాజ్యమును విచారించుచు, ఆ ప్రకటన చెల్లదని కొట్టివేసెను. ఒక స్త్రీ బాధ దేశపు వేగమునే ప్రశ్నింపజేసినది గదా! 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 112వ విభాగమును బట్టి, ప్రజాక్షేమముకొఱకు ఏ దారిపైనైనను వేగమును తగ్గించి పలక నాటించు నధికారము రాష్ట్ర ప్రభుత్వమునకు కలదు.

ఇతర దేశములు ఈ పని చేసియే చూచినవి. మోటారు దారులపై హద్దే లేని ఇంగ్లండు 1965 డిసెంబరులో గంటకు 70 మైళ్ల పరిమితిని తాత్కాలికముగ విధించి, 1967లో శాశ్వతము చేసినది. ఫ్రాన్సు 2018 జూలైలో నడుమ గట్టులేని రెండు వరుసల దారులపై, అనగా పల్లెబాటలపై, 90ని 80కి తగ్గించినది. జనులు గగ్గోలుపెట్టగా తరువాత కొన్ని జిల్లాలు మరల 90కి మరలినవి. వేల్సు దేశము 2023 సెప్టెంబరులో ఇండ్లనడుమ దారులకు గంటకు 20 మైళ్లు, అనగా సుమారు 32 కిలోమీటర్లు, చాలుననెను. అచ్చటను అలజడి రేగినది. మందగమనము ఎవ్వరికిని మొదట రుచింపదు, పథ్యమువలె.

వేగము తగ్గింప కాలము వ్యర్థమగునని మగవారందురు. లెక్క చూతము. 160 కిలోమీటర్ల దూరమును 100 వేగమున 96 నిమిషములలో, 80 వేగమున 120 నిమిషములలో చేరుదుము. భేదము ఇరువదినాలుగు నిమిషములు. అది యింటిలో కాఫీ చల్లారునట్లు కబుర్లాడు కాలము. పైగా వేగము హెచ్చుకొలది గాలి యడ్డగింపు హెచ్చి పెట్రోలు ఖర్చును హెచ్చును. ఇంటి జమాఖర్చు వ్రాయు మనకిది చిన్న విషయము కాదు.

పలక నాటినంత మాత్రమున వేగము తగ్గదనుటయు సత్యమే. అందుకై కొన్ని యూళ్లలో గుట్టవంటి స్పీడుబ్రేకరులను రంగైనను వేయక పోయుదురు. చీకటిలో బండి ఎగిరిపడి, ఒడిలో బిడ్డతో ప్రక్కకు కూర్చున్న స్త్రీ జాఱిపడుట మనమెఱిగినదే. కొలత ప్రకారము కట్టి, తెల్లచారలు వేసి, ముందుగ హెచ్చరిక పలక నాటిననే అది రక్ష యగును. బడియొద్ద దారిని ఇఱుకు చేయుట, దాటుచోటును కొంచెము ఎత్తు చేయుట మేలైన యుపాయములు.

ఇక మనచేతిలో నున్న పనులు కొన్ని కలవు. ప్రయాణపు మూటలు ముందురాత్రియే కట్టి, అరగంట ముందు బయలుదేరవలెను. తొందర పుట్టునది దారిలో కాదు, మన వంటింటిలో. బండి తోలువారికి మాటిమాటికి ఫోను చేసి "ఎంతవఱకు వచ్చితిరి?" అని యడుగరాదు. ఆ ప్రశ్న ప్రేమతో అడిగినదే యైనను కాలిని త్రొక్కించును. వెనుక సీటులోనివారును పట్టీ పెట్టుకొనవలెను. మెల్లగ పొమ్మని చెప్పుటకు జంకరాదు. కొడుకైనను, మరదియైనను, జీతమునకు తోలువాడైనను, ఆ మాట చెప్పుట అవమానము కాదు. కారు తోలు సోదరీమణులు తామే యాదర్శము కావచ్చును. గ్రామసభలో మనము నలుగురము కూడి, బడియొద్ద 30 కిలోమీటర్ల పరిమితి కావలెనని అర్జీ వ్రాసి జిల్లా అధికారులకు పంపవచ్చును. మేము మా యూరిలో ఇరువదిముగ్గురి సంతకములతో అట్టి అర్జీ నొకటి పంపితిమి. జవాబు ఇంకను రాలేదు, మరల వ్రాయుదుము.

నలుని కథ ఉత్తరీయముతో ముగియలేదు. కొంతదూరము పోయిన పిమ్మట ఋతుపర్ణుడు ఒక తాండ్రచెట్టును చూచి, దాని ఆకులను కాయలను లెక్కచెప్పెను. అది నిజమో కాదో యెంచి చూడనిదే కదలనని నలుడు రథమునాపెను. వేళ మించునని రాజు తొందరపడినను వినక దిగి లెక్కించెను. అచ్చటనే రాజువలన అక్షహృదయము నేర్చెను. అచ్చటనే కలి యతని దేహమును విడిచెను. అంత వేగముగ పోయిన రథములో నలునికి మేలు జరిగినది, అది నిలిచిన చోట!

మా మరది ఇప్పుడు ఊళ్లలో ముప్పదికి మించి తోలడు. ఎందుకని ఎవరైన నడిగిన, "బడికి వేళయినదండీ" అని మాత్రము చెప్పును.