చలి పట్టిచ్చే మలినం

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో చలికాలపు రాత్రి ఒకలా, పగలు ఒకలా ఉంటుంది. కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 5 డిగ్రీల కిందికి దిగుతుంది. మధ్యాహ్నానికి ఎండ చురుక్కుమంటుంది. శ్రీరాంపూర్ ఓపెన్‌కాస్టులో మట్టీ బొగ్గూ మోసే డంపర్లకు, ఊళ్లలో ట్రాక్టర్లకు, ఆర్టీసీ బస్సులకు ఇదే వాతావరణం. 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానం లక్ష్యం పెట్టుకుంది. ఆ మాట ఎత్తగానే ఒక అభ్యంతరం వినిపిస్తుంది: చలికి గడ్డకట్టి ఫిల్టర్ జామవుతుందని. జామయ్యే మాట నిజమే. కానీ అందులో చలి తప్పు కొంతే. శుద్ధి సరిగా చేయక ఇంధనంలో వదిలేసిన మలినాల తప్పే ఎక్కువ.

ఈ ప్రాంతానికి ఈ ఇంధనం కొత్త కాదు. జైనూర్ మండలంలోని పవర్‌గూడ అనే చిన్న ఆదివాసీ గూడెంలో మహిళా సంఘం కానుగ గింజలు ఆడించి నూనె తీసేది. డీజిల్‌కు బదులు ఆ నూనె వాడితే పదేళ్లలో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలవకుండా ఆగుతుందని లెక్కగట్టి, 2003లో ప్రపంచ బ్యాంకు ఆ సంఘానికి 645 డాలర్లు చెల్లించింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వారికి తోడు నిలిచింది. రోడ్ల పక్కన ఊరికే రాలిపోయే గింజ విలువ ఏమిటో ఆ మహిళలు చూపించారు. అలాంటి ఇంధనాన్ని చలికి పనికిరాదని కొట్టిపారేయడం అన్యాయమని నా అభిప్రాయం.

నూనెలో మిథనాల్, కాస్టిక్ సోడా కలిపి వేడిచేస్తే పైన బయోడీజిల్ తేలుతుంది, అడుగున గ్లిజరిన్ దిగుతుంది. బయోడీజిల్ అంటే మిథైల్ ఎస్టర్ల మిశ్రమం. పామాయిల్ నుంచి దండిగా వచ్చే మిథైల్ పామిటేట్ విడిగా ఉంటే 30 డిగ్రీల దగ్గరే గట్టిపడుతుంది. ఒలీక్ ఆమ్లపు ఎస్టర్ మాత్రం సున్నాకు దాదాపు 20 డిగ్రీల దిగువ దాకా ద్రవంగానే ఉంటుంది. కానుగలో ఈ ఒలీక్ ఆమ్లానిదే పెద్ద వాటా. కొద్దిపాటి బెహెనిక్ వంటి ఆమ్లాల ఎస్టర్లు ముందుగా గడ్డకట్టి ఇంధనాన్ని మసకబారుస్తాయి. ఈ గడ్డ సీసాలో పేరుకున్న కొబ్బరినూనె లాంటిదే. ఎండ తగిలితే కరిగిపోతుంది.

మలినాల గడ్డ అలా కరగదు. నూనె అణువులో గ్లిజరిన్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. రసాయన చర్య పూర్తికాకపోతే కొన్నిటిలో ఒకటి అలాగే మిగిలిపోతుంది. అవే మోనోగ్లిజరైడ్లు. వాటిలో సంతృప్తమైనవి, విడిగా చూస్తే, 70 డిగ్రీలు దాటితే గానీ కరగవు. చల్లబడినప్పుడు ఇవి మొదట ఒక రకం స్ఫటికాలుగా విడివడి, క్రమంగా మరింత స్థిరమైన రూపంలోకి మారతాయి. ఆ తర్వాత ఇంధనం వెచ్చబడినా అంత సులువుగా తిరిగి కలవవు. మరో మలినం స్టెరాల్ గ్లూకోసైడ్. మొక్కల నూనెల్లో ఇది ఎక్కువగా కొవ్వు ఆమ్లంతో జతకూడి, కరిగి, కంటికి కనపడకుండా ఉంటుంది. బయోడీజిల్ తయారీలో ఆ జత ఊడిపోయి, కరగని సన్నని పొడిగా మిగులుతుంది. పది లక్షల భాగాల్లో కొన్ని పదులున్నా ఫిల్టర్‌కు అడ్డం పడగలదు. డీజిల్‌తో పలుచన చేస్తే సరిపోదా అంటే, మోనోగ్లిజరైడ్లు బయోడీజిల్‌లో కన్నా డీజిల్‌లోనే తక్కువ కరుగుతాయి.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం 2005 సెప్టెంబర్ చివర్లో డీజిల్‌లో 2 శాతం బయోడీజిల్‌ను తప్పనిసరి చేసింది. ఆ చలికాలంలోనే లారీల ఫిల్టర్లు మూసుకుపోయాయి. చూస్తే కొంత సరుకులో గ్లిజరిన్ అవశేషాలు పరిమితి దాటి ఉన్నాయి. ఆదేశాన్ని కొన్నాళ్లు ఆపాల్సి వచ్చింది. 2008లో అమెరికా ప్రమాణాల్లో కొత్త పరీక్ష చేరింది. ఇంధనాన్ని 4.4 డిగ్రీల్లో 16 గంటలు ఉంచి, గది వేడికి తెచ్చి, సన్నని గాజునార ఫిల్టర్ గుండా 300 మిల్లీలీటర్లు వడకట్టాలి. 360 సెకన్లలోపు దిగాలి. వెచ్చబెట్టాకే వడపోయడంలో కిటుకుంది: ఎస్టర్ల గడ్డ కరిగి దిగిపోతుంది, మలినం ఒక్కటే పట్టుబడుతుంది. ఆదిలాబాద్ జనవరిలో రాత్రంతా చలికి చల్లబడి, పగలు వెచ్చబడే ప్రతి ట్యాంకులోనూ ఇంచుమించు ఇదే పరీక్ష జరుగుతోంది.

కానుగకు అదనంగా ఒక జాగ్రత్త కావాలి. తేమలో నిల్వ ఉన్న గింజల నూనెలో విడి కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి. నేరుగా కాస్టిక్ సోడా వేస్తే అవి సబ్బవుతాయి. సబ్బు గ్లిజరిన్‌నూ నీటినీ వేరుపడనివ్వదు. అందుకే ముందు సల్ఫ్యూరిక్ ఆమ్లంతో, మిథనాల్‌తో ఒక దఫా చర్య జరిపి, ఆ తర్వాతే సోడా వాడాలి. చివర్లో గోరువెచ్చని నీటితో కడిగి, తడి పూర్తిగా పోగొట్టాలి. భారత ప్రమాణం ఐఎస్ 15607 ప్రకారం నీరు కిలోకు 500 మిల్లీగ్రాములు, విడి గ్లిజరిన్ 0.02 శాతం, మొత్తం గ్లిజరిన్ 0.25 శాతం దాటకూడదు. ఇంత చేసినా, సగం ఖాళీగా వదిలిన ట్యాంకు గోడలకు రాత్రి చెమ్మ పట్టి మళ్లీ నీరు చేరుతుంది. సాయంత్రమే ట్యాంకు నింపి పెట్టడం మంచిది.

జామైన ఫిల్టర్ దొరికితే వెంటనే పారేయకండి. వెచ్చని గదిలో కాసేపు ఉంచి చూడండి. జిడ్డు కరిగి దారి తెరుచుకుంటే అది చలి పని. వేరే డీజిల్ కలిపో, ట్యాంకుకు వెచ్చదనం కల్పించో నెట్టుకురావచ్చు. తెల్లని పేరుకుపోత అలాగే ఉంటే మలినాన్ని అనుమానించాలి. అప్పుడు హీటర్ కొనడం దండగ. సరుకు పంపినవారిని మోనోగ్లిజరైడ్ల లెక్క అడగాలి.